ప్లాస్టిక్ కవరు కింది ఇంజను

ఆ కార్బురేటర్ పగలగొట్టింది నేను. ఈ మాట ఆరేళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఎల్బీనగర్ దగ్గర ఒక సర్కారు బడిలో పిల్లలకు మెకానిక్ పని నేర్పే ఒకేషనల్ సారుని నేను. ఒక మోటార్ సైకిళ్ల కంపెనీ బడికి ఇంజను ఇచ్చింది. ఏటా ఇద్దరు పిల్లలను ఎంచుకుని దిల్‌సుఖ్‌నగర్‌లోని తమ వర్క్‌షాపులో శిక్షణ ఇచ్చేది. కంపెనీవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు ఇంజను కొత్తగా మెరవాలని దాన్ని ప్లాస్టిక్ కవరు కింద దాచేవాణ్ణి. పాఠమంతా గోడ మీది చార్టుతోనే.

"ఇంజన్‌కు సలి పెడ్తదా సార్, దుప్పటి కప్పిన్రు?" అని ఒక అమ్మాయి అడిగితే క్లాసంతా నవ్వింది. కవరు తియ్యమని రోజూ వెంటపడేది ఆ పిల్లే. ఆ ఏడు వర్క్‌షాపుకు ఎంపికైంది కూడా.

తనిఖీ రోజు పొద్దున ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటర్‌ని విప్పి తుడుస్తుంటే చేయి జారి, బండ మీద పడి పగిలింది. ముక్కలు ఇంజను పక్కన పెట్టి కవరు కప్పేశాను. కంపెనీ మేనేజరు వచ్చి కవరు తీశాడు.

"ఎవరి పనండీ ఇది?" అన్నారు హెడ్మాస్టరు.

రోజూ కవరు తియ్యమనే ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. చేయి లేచింది. ఆ పిల్ల చెంప మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. పెదవి చిట్లి యూనిఫాం మీద రక్తం పడింది.

"నేను ముట్టలే సార్! ఒట్టు, ముట్టలే!"

తండ్రిని పిలిపించారు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఆటో నడుపుకునే మనిషి. "సార్ల సామాన్ ముట్టద్దని ఎన్నిసార్లు జెప్పిన్నే నీకు?" అంటూ జుట్టు పట్టి ఆటో దాకా ఈడ్చాడు. సీటు కింది పానా తీసి కొట్టాడు. అడ్డుపెట్టిన చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు రెండడుగుల దూరంలో నిలబడిన నాకు వినిపించింది. అప్పుడూ నోరు విప్పలేదు. వర్క్‌షాపు సీటు ఇంకొకరికి పోయింది. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు.

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో నేనెక్కిన ఆటో ఆ పిల్ల తండ్రిదే. "ఆనాడు మంచిగ బుద్ధి జెప్పిన్రు సార్. ఇంటికి రాండ్రి, చాయ్ తాగి పోదురు" అన్నాడు.

వెళ్లాను. ఆమె చీరల దుకాణంలో డ్యూటీకి పోవడానికి తయారవుతోంది. కుడిచేతి మూడు వేళ్లు ముడుచుకోవడం లేదు. తండ్రి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"అమ్మా, గా కార్బురేటర్ పడేసింది నేనే. నౌకరి పోతదని భయపడి నిన్ను కొట్టిన. మీ నాయిన ముంగట జెప్తున్న, నువ్వు దాన్ని ముట్టలే. నీ చెయ్యి ఇరిగింది నా అబద్ధంతోటి. మాఫ్ చెయ్యమని అడిగే మొఖం లేదు నాకు. అయినా అడుగుతున్న. తప్పు నాది, బిడ్డా."