చన్నీళ్లలో మునిగిన నా కాఫీ పరిజ్ఞానం

రాజమండ్రిలో మా చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ కాఫీ ఇస్తారు. ఏళ్ల తరబడి ఆ కాఫీ కలుపుతున్నది ఒక పిన్నిగారు. నేను సైన్సు మాస్టారిని. అంతటితో ఊరుకోవచ్చు కదా! ఒకరోజు రెండు గుక్కలు తాగి, "పల్చగా ఉందండి. పొడిలో ఏదో కల్తీ జరిగింది" అని నలుగురిలో అనేశాను. ఆరోజు ప్రసంగం కంటే నా మాటే ఎక్కువమందికి చేరింది.

పిన్నిగారు గరిటె పక్కన పెట్టేశారు.

"పొడి నేను తెచ్చిందేనండి. కల్తీ అని తేలితే ఇక పొయ్యి దగ్గరికి రానండి మాస్టారూ."

"తేల్చేద్దామండి," అన్నాను. వెనక్కి తగ్గడం మా సిలబస్‌లో లేదు.

పై ఆదివారం రెండు గాజుగ్లాసుల్లో చన్నీళ్లు పోసి పాఠం మొదలుపెట్టాను. అసలు కాఫీపొడి నీళ్ల మీద తేలుతుంది. చికోరీ వేరుపొడి కలిస్తే అది మునుగుతూ గోధుమరంగు చారలు వదులుతుంది. ఒక గ్లాసులో చర్చి పొడి చల్లాను. రెండోదాంట్లో, అసలుది ఎలా ఉంటుందో చూపించడానికి, మా ఇంటి డబ్బాలోది.

చర్చి పొడి హాయిగా తేలింది. మా ఇంటిదాంట్లో దాదాపు సగం బుడుంగున మునిగింది. చారలు కూడా నేను చెప్పినట్టే, బుద్ధిగా వచ్చాయి. నా సర్వీసు మొత్తంలో ఒక ప్రయోగం ఇంత చక్కగా కుదరడం అదే మొదలు.

"మన కొట్టాయన మోసం చేశాడే!" అన్నాను పక్కనే ఉన్న మా ఆవిడతో.

"ఆయన్నేం అనకండి. అచ్చమైన కాఫీ ఇస్తే నీళ్లలా ఉందని గొడవ చేసింది మీరు కాదూ? అప్పట్నుంచి చికోరీ కలిపిందే తెస్తున్నాను. నూటికి నలభై పాళ్లని ప్యాకెట్ మీదే రాసుంటుందండి. మీరు చదివితేగా! వాసన చూసి 'అసలు కాఫీ అంటే ఇదీ' అంటారు."

చెప్పి కలిపితే మిశ్రమం, చెప్పకుండా కలిపితే కల్తీ. ఈ ముక్క క్లాసులో నేనే చెబుతుంటాను.

పిన్నిగారు రెండు గ్లాసుల్లోకీ తొంగిచూసి, మళ్లీ గరిటె అందుకున్నారు.

"మాస్టారికి వేరేగా చికోరీ వేసి కలపమంటారాండీ?"

హాలంతా నవ్వింది.

"వద్దండి, క్షమించండి," అన్నాను. ఆవిడ ఇచ్చిన కాఫీ అడుగుదాకా తాగాను. పల్చగానే ఉంది. ఆ సంగతి మాత్రం గ్లాసు కడుక్కుంటూ కుళాయితో చెప్పుకున్నాను.