ఎలుకల స్టాండుకి దసరా పూజ

నాలుగంటే నాలుగు నిమ్మకాయలతో ఒక మందుల పరిశోధనని మూలన కూర్చోబెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనకార్యం నాదే. అప్పుడు నాకు ముప్ఫై రెండేళ్ళు. బుద్ధి వచ్చి ఉండాల్సిన వయసే. రాలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. పిల్లల కోసం ఆరేళ్ళు ఇంట్లో కూర్చుని, ఎల్బీనగర్ అవతల ఒక ల్యాబ్‌లో ఉద్యోగం సంపాదించాను. ఆర్నెల్లు చూసి, నచ్చితేనే ఖాయం చేస్తారట. మా అత్తమ్మ మొదటిరోజే తీర్పు చెప్పేసింది: "నీ నోటికి గా నౌకరి ఆర్నెల్లు ఆగదు. నేను చూడనా!" ఆవిడ చూడకూడదని నా పంతం. గడువుకి ఇంకా పదిరోజులుందనగా దసరా వచ్చింది.

మా పని కీళ్ళవాతానికి మందు కనుక్కోవడం. ముసలితనంలో వచ్చే అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మతితప్పి సొంత కీళ్ళని కరిచే రకం. దాన్ని ఏ జన్యువు ఉసిగొల్పుతోందో తేలాలంటే, ఆ ఒక్క జన్యువూ లేకుండా పుట్టించిన ఎలుకలు కావాలి. వాటినే నాకౌట్ ఎలుకలంటారు. అర్థం కాలేదా? పదిమంది ఉన్న ఇంట్లో రోజూ గొడవ. ఎవరి వల్లో తెలియాలంటే ఒక్కొక్కరినే ఊరికి పంపి చూడాలి. ఎవరు లేనప్పుడు ఇల్లు చల్లబడిందో, వాళ్ళే. (మా ఇంట్లో ఈ ప్రయోగం జరిగింది. ఫలితం చెప్పను.)

చిక్కేమిటంటే, నాకౌట్ ఎలుకా నలుపే, దాంతో సరిచూడ్డానికి పెంచే మామూలు ఎలుకా నలుపే. కన్నతల్లి కూడా పోల్చలేదు. పెట్టె మీది కార్డుని నమ్మాల్సిందే.

పండగ ముందురోజు ఆఫీసులో కార్లకీ కంప్యూటర్లకీ పూజ చేశారు. చివరికి జెరాక్స్ మిషనుకి కూడా బొట్టు పెట్టారు. నాకు మండింది. ఎలుకల గది చూసుకునే యాదగిరన్న మీద పడ్డాను.

"అన్నా, అసలు కష్టపడేది ఎలుకలు. గవాటికి పూజ లేదా?"

"చెల్లె, లోపలికి పువ్వు పోవద్దు, కొబ్బరికాయ పోవద్దు, అగరబత్తి అసలే ఒద్దు. గవాటికి జర ఏదన్న సోకినా పోతయి."

"పెట్టెల స్టాండుకు చక్రాలున్నయా, లేవా?"

"ఉన్నయి."

"చక్రాలుంటే బండే. దసరాకు బండి కింద నిమ్మకాయలు పెట్టాల్నా, ఒద్దా?"

యాదగిరన్న నెత్తి గోక్కున్నాడు. "పెట్టాలె గానీ..."

"స్పిరిట్‌తోటి తుడిచి తెస్తా. నీకేం పరేషాన్?"

వాదనలో గెలవడం నాకు అలవాటు. గెలిచాక ఏమవుతుందో ఆలోచించడం అలవాటు లేదు.

నిమ్మకాయల్ని మూడుసార్లు తుడిచాను. పెళ్ళికూతురికి కూడా అంత స్నానం చేయించరు. టోపీ, మాస్కు, గౌను వేసుకుని, నాలుగు చక్రాల ముందూ నాలుగూ పెట్టి, దుర్గమ్మని తలుచుకుని తోశాను. కారు చక్రం కిందైతే నిమ్మకాయ పగులుతుంది. బొటనవేలంత చక్రం నిమ్మకాయకి తగిలి ఆగిపోయింది. నేను ఆగలేదు. స్టాండు ముందుకి ఒరిగింది. యాదగిరన్న అప్పుడే అడుగున పరిచే పొట్టు మార్చి, ఇంకా క్లిప్పులు బిగించని రెండు పెట్టెలు పైనుంచి ధబేలుమన్నాయి. ఒకదాంట్లో ఐదు నాకౌట్లు, ఇంకోదాంట్లో ఐదు మామూలువి. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఆ గదిలో పిల్లి లేదు. చెలగాటం ఎలుకలది, ప్రాణసంకటం నాది.

తలుపు మూసి ఉంది కాబట్టి అరగంటలో పదీ దొరికాయి. పదోది నా గౌను మీదే ఎక్కి కూర్చుంది, పూజ అందుకోవడానికి కాబోలు.

"అన్నా, చెవులకు నంబరు రంధ్రాలుంటయి గదా, గవి చూసి పెట్టేద్దాం."

"ప్రతి పెట్టెల నంబర్లు ఒకటి నుంచే సురువు, చెల్లె. ఇప్పుడు మన తాన రెండు ఒకట్లు, రెండు రెండ్లు..."

నేల మీద కూలబడ్డాను. అత్తమ్మ ముఖం కళ్ళముందు మెరిసిపోతోంది. అప్పుడు యాదగిరన్న మెల్లగా అన్నాడు: "స్టాండు నేనే తోసిన అని చెప్త. నాది పక్కా నౌకరి, తిట్టి ఒదిలేస్తరు. నీదైతే పోతది."

అంతసేపూ నేను నోరెత్తనివ్వని మనిషి అన్న మాట అది. "ఒద్దన్నా," అని మా ల్యాబ్ పెద్దమేడం గదికి నడిచాను.

మేడంది తెనాలి వైపు. "నిమ్మకాయలా? ఎలుకల గదిలోనా? ఎందుకండీ?"

"వాహన పూజ, మేడం."

"ఏ వాహనానికి?"

"వినాయకుడి వాహనానికి, మేడం."

ఆవిడ తల పట్టుకుంది. "సోమవారం మందు మొదలుపెట్టాలి కదండీ! పదింటికీ తోక చివర చిన్న ముక్క తీసి మళ్ళీ జన్యు పరీక్ష చేయండి. తర్వాత మీ సంగతి చూస్తాను."

చేశాం. ఐదు నాకౌట్లు తేలాలి. నాలుగే తేలాయి. మళ్ళీ చేశాం. మళ్ళీ నాలుగే. జన్యువు మార్చుకోవడానికి ఎలుకేమన్నా పార్టీ నాయకుడా? పాత జన్యు పరీక్షల రిజిస్టరు తీశారు. నాకౌట్ల పెట్టెలోని మూడో నంబరు ఎలుక అసలు నాకౌటే కాదు, మామూలుది! రిజిస్టరులో సరిగ్గానే ఉంది. కార్డు మీదికి ఎక్కించేటప్పుడు ఎవరో రెండు వరుసలు తారుమారు చేశారు. అసలు ఐదో నాకౌట్ కిందపడని మూడో పెట్టెలో, వేరే మామూలు ఎలుకల మధ్య, పిలవని పెళ్ళికి వచ్చినట్టు దర్జాగా తింటోంది.

"కార్డు మీద ఈ గుండ్రటి రాత ఎవరిదండీ?" అంది మేడం.

మసక లైటు, సన్న గీతలు, పారని పెన్ను అంటూ మూడు వాదనలు నాలుక చివరే ఉన్నాయి. పక్కన యాదగిరన్న నిలబడి ఉన్నాడు.

"నాదే, మేడం."

కొండని తవ్వి ఎలుకని పట్టారంటారు. మేము ఎలుకల్ని పట్టి నా తప్పుల కొండని తవ్వాం.

మేడం పకాలున నవ్వింది. "మీరు స్టాండు పడేయకపోతే ఇది ఎవరికీ దొరికేది కాదు. ఆ ఒక్క ఎలుకా మన ఫలితాన్నంతా పాడుచేసేది. తప్పులు చేసేవాళ్ళని చాలామందిని చూశానండీ. ఒక తప్పుని పట్టుకోవడానికి ఇంకో తప్పుని పనిలో పెట్టినవాళ్ళని చూళ్ళేదు. అడగ్గానే ఒప్పుకున్నారు కాబట్టి ఉండండి."

ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు నా వేళ్ళకీ అదే కీళ్ళవాతం. ఇంజెక్షన్ తీసుకుంటున్నాను. మేము వెతికిన మందు కాదు గానీ, ఎక్కడో ఎవరో అలాంటి ఎలుకలతోనే దారి కనుక్కున్న మందు. ఎలుకలకీ, యాదగిరన్నకీ, మేడంకీ దండం పెట్టుకుందామంటే ఈ వేళ్ళు చక్కగా జోడవుతున్నాయి. అంతకన్నా రుజువేం కావాలి?

అందుకని ఆ జోడించిన చేతులతోనే, పదిమంది ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట తప్పు చేస్తే ఒక్కటే చేస్తాను. దాన్ని బయటపెట్టే రెండో తప్పు మాత్రం చచ్చినా చేయను.