అత్తమ్మ నాడి

మా అత్తమ్మ నేను పనిచేసే చోటికి రోగిగా వచ్చింది ఒక్కసారే.

మరాఠీ రాష్ట్రపు అంచున, అంకిసకు కొంత దూరంలో, వరి పొలాల మధ్య ఉన్న చిన్న ఆరోగ్య ఉపకేంద్రం అది. డాక్టరు ఉండడు, నర్సుగా నేనే ఉంటాను. జ్వరం, బీపీ, నాడి, ఊపిరి చూసి, ప్రమాదమనిపిస్తే సిరొంచ పెద్దాసుపత్రికి పంపడం నా పని.

నాట్ల కాలం. పొద్దుటి నుంచి ముసురు పట్టింది. జింగనూర్ వైపు నుంచి చుట్టాలింటికి వచ్చిన ఒక గోండు తల్లి, ఏడాది నిండని ఆడపిల్లను చీర కొంగులో చుట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. పిల్లకు ఏడ్చే ఓపిక కూడా లేదు. అంగీ పైకెత్తి చూశాను. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. గడియారం చేతిలో పట్టుకుని, పూర్తిగా ఒక నిమిషం ఆ చిన్న పొట్ట ఎగిసిపడటం లెక్కపెట్టాను. ఆ వయసు పిల్లలకు ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. న్యుమోనియా అని అర్థమైంది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, కాన్పు కేసు కోసం పాతగూడెం వైపు వెళ్లిందనీ, వచ్చేసరికి ఆలస్యమవుతుందనీ చెప్పారు. సరిగ్గా అప్పుడే మా ఆయన మోటారుసైకిల్ వాకిట్లో ఆగింది. వెనక అత్తమ్మ కూర్చుని ఉంది.

"పొద్దుగాల అమ్మ చెయ్యి తిమ్మిరెక్కిందట. చెంబు జారి పడ్డది. నువ్వొకసారి చూడు, లేకుంటే సిరొంచకు తీస్కపోత," అన్నాడు మా ఆయన.

అత్తమ్మ తనంతట తానే దిగి, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. "ఇప్పుడు మంచిగనే ఉంది బిడ్డా. గప్పుడు జరసేపు నోరు గూడ అదో తీరుగయ్యింది," అంది.

నా చూపు ఆ పిల్ల పొట్ట మీదే ఉంది. అత్తమ్మ జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూశాను. ఆమెకు ఎప్పుడూ ఉన్నట్టే కొంచెం ఎక్కువగా ఉంది. మణికట్టు పట్టుకుని నాడి చూశాను. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగింతలు చేశాను. ఆ కాసేపట్లోనే నా వేళ్ల కింద ఒక దెబ్బ తప్పినట్టు తోచింది. ఆమె చెయ్యి కదిలించిందేమో అనుకున్నాను. వచ్చిన అంకె బాగానే ఉంది. దానితో తృప్తి పడ్డాను.

"అత్తమ్మా, అంత మంచిగనే ఉంది. పొద్దుగాల ఏం తినకుంట పొలానికి పోయినవేమో, నీరసం అయ్యుంటది. రేపు బస్సుల పోయి సూపెట్టుకుందాం," అన్నాను. మా ఆయన వైపు తిరిగి, "జర ఈ తల్లినీ పిల్లనూ బండి మీద సిరొంచకు తీస్కపో. పిల్ల పానం బాగలేదు," అన్నాను.

ఆయన ఒక్క క్షణం వాళ్లమ్మ వైపు చూశాడు. "పో కొడుకా, పసిపిల్ల," అంది అత్తమ్మే. పిల్లకు వేయాల్సిన మొదటి మందు వేసి, నా రెయిన్‌కోటు ఆ తల్లికి తొడిగి, లోపల పిల్లను దాచి ఎక్కించాను.

వాళ్లు వెళ్లాక మరొకరికి కట్టు కడుతున్నాను. బల్ల మీద కూర్చున్న అత్తమ్మ నన్ను పిలవబోయింది. పిలుపు రాలేదు, ఏదో ముద్దగా శబ్దం వచ్చింది. చూసేసరికి మూతి ఒక పక్కకు జారిపోయింది. కుడి చెయ్యి ఒడిలోంచి కిందికి వేలాడుతోంది.

అంబులెన్సు తిరిగి వచ్చి ఆమెను తీసుకువెళ్లేదాకా నేను చేయగలిగింది, పక్కకు తిప్పి పడుకోబెట్టి చెయ్యి పట్టుకోవడమే. అదే మణికట్టు. ఈసారి నిమిషమంతా చూశాను. నాడి ఒక చోట తొందరగా, ఒక చోట ఆగి ఆగి, ఏ వరసా లేకుండా కొట్టుకుంటోంది.

ఆసుపత్రిలో డాక్టరు మరాఠీలో చెప్పాడు. గుండె లయ తప్పడం వల్ల రక్తం గడ్డకట్టి మెదడుకు చేరి ఉంటుందట. ముందు నాడి ఎవరైనా చూశారా అని అడిగాడు. చూశానని అంకె చెప్పాను. ఎలా చూశానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అదే ఆసుపత్రిలో, పిల్లల వార్డులో ఆ గోండు పిల్ల ఆక్సిజన్ పెట్టుకుని నిద్రపోతోంది. కొన్నాళ్లకు కోలుకుని ఇంటికి పోయింది.

అత్తమ్మకు మాట చాలావరకు తిరిగి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఇంటికి ఎవరొచ్చినా, "మా కోడలు ఒక పిల్లను బతికిచ్చింది," అని చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఎలా చూసుకున్నా బండి మీద పిల్లనే పంపేదాన్ని, అందులో నాకు అనుమానం లేదు. కానీ తెలిసి ఉంటే, అత్తమ్మ కోసం ఊళ్లో ట్రాక్టరో ఆటోనో దొరుకుతుందేమో వెతికేదాన్ని. "నీరసం" అనే మాట మాత్రం అనేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె చేతికి నూనె రాస్తూ మొత్తం చెప్పేశాను. నాడి సరిగ్గా చూడలేదని, తప్పిన దెబ్బ తెలిసీ వదిలేశానని. ఆమె ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది:

"లెక్కల సంగతి నాకెర్క లేదు బిడ్డా. నోరు గిట్లయ్యిందని నేను చెప్తుంటే నా మొకం దిక్కు సూడకపోతివి. గదే నాకు బాధయ్యింది."

నేను తలెత్తి చూశాను. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. కోపం లేదు వాటిలో. ఉంటే బాగుండేదనిపించింది. నూనె గిన్నె దగ్గరికి జరుపుకున్నాను.

"మోచెయ్యి కాడ జర గట్టిగ రుద్దు," అంది అత్తమ్మ.