దీన్నేమంటారు బాబాయ్

మా బాబాయ్ ఏ వస్తువునీ దాని పేరుతో పిలవడు. ఆ పేరు తెలియనివాడు దాన్ని ఏమంటాడో అలా పిలుస్తాడు. గొడుగుని "వానొస్తే విప్పేది" అంటాడు. స్టేప్లర్ని "కాగితాల్ని కరిచేది" అంటాడు. నేను ఆయన సొంత అన్నగారి కూతుర్ని, పైగా ఆయన ఆఫీసులోనే ఉద్యోగిని. అయినా కొత్తవాళ్లెవరైనా వస్తే నన్ను పరిచయం చేసే తీరు ఇది: "మా అన్నయ్య కూతురు. కళ్లజోడు. లేటుగా వస్తుంది. ఫోన్లో గట్టిగా మాట్లాడుతుంది." పేరు మాత్రం చెప్పడు. ఇదేం పద్ధతని అడిగితే, "పేరు తెలిసినవాడు ఎలాగూ వచ్చేస్తాడే. తెలియనివాడి గతేంటి?" అంటాడు.

వృత్తి వల్ల వచ్చిన జబ్బు ఇది. టైర్ల దుకాణం మీద రెండు గదుల్లో మాదొక చిన్న ఆఫీసు. జనం నెట్‌లో ఏదైనా వెతికినప్పుడు మా కస్టమర్ల వెబ్‌సైటు మొదటి పేజీలో, వీలైతే మొదటి వరసలో కనిపించేలా చెయ్యడం మా పని. రెండో పేజీలో ఉన్నవాడు దుకాణం తెరిచి షట్టరు దించుకుని కూర్చున్నట్టే లెక్క.

ఒకసారి కొళాయిలు బాగుచేసే మేస్త్రీ ఒకాయన వచ్చాడు. ముచ్చటపడి వెబ్‌సైటు చేయించుకున్నాడు గానీ ఒక్క ఫోనూ రావడం లేదట. బాబాయ్ తెరిచి చూస్తే పైన ఇంత లావు అక్షరాలతో "సమగ్ర జల నిర్వహణ పరిష్కారాలు" అని ఉంది.

"ఇదెవరు రాశారండీ?"

"మా బావమరిదండీ. బాగా చదువుకున్నాడు."

"మీ బావమరిది ఇంట్లో కొళాయి ఊడిపోయింది అనుకోండి. ఒక చేత్తో దాన్ని అదిమిపట్టుకుని, రెండో చేత్తో ఫోను తీశాడు. ఏమని వెతుకుతాడు? సమగ్ర అని మొదలెడతాడా?"

మేస్త్రీ కాసేపు ఆలోచించాడు. "వాడికి వెతకడమెందుకండీ, నాకే ఫోన్ చేస్తాడు."

"మీలాంటి బావ లేనివాడి సంగతి చెప్పండి మహాప్రభో!"

చివరికి వెబ్‌సైటు నెత్తిన "కొళాయి కట్టేసినా నీళ్లు ఆగట్లేదా?" అని పెట్టాడు. కొద్దిరోజులకే మేస్త్రీకి అన్నం తినే తీరిక లేకుండా పోయింది. అలాంటప్పుడు బాబాయ్ నావైపు తిరిగి పాఠం చెప్పేవాడు. "వెతికేవాడి మాట తప్పు కాదే. ఆ మాట దగ్గర మనం లేకపోవడం తప్పు. రెండుసార్లు 'దొరకలేదు' అనిపించుకుంటే మూడోసారి వాడు వెతకనే వెతకడు." ఈ మాట నా చెవినిల్లు కట్టుకుని పోరేవాడు.

ఇక బయట ఆయనతో నడవడమంటే నా తలప్రాణం తోకకొచ్చేది. జేబులో ఎప్పుడూ ఏదో ఒక వస్తువు ఉంటుంది. బస్సులో పక్కాయనకి దాన్ని చూపించి, "దీన్నేమంటారు?" అని అడుగుతాడు. ఒకరోజు బట్టల క్లిప్పు తీశాడు.

"మీకు తెలీదా?" అన్నాడు పక్కాయన.

"నాకు తెలుసండీ. మీరేమంటారో తెలీదు."

ఆయన మెల్లగా లేచి వెళ్లి డ్రైవరు వెనకాల నిలబడ్డాడు. మా వీధి మలుపులో సామాన్ల కొట్టాయనైతే బాబాయ్ నీడ కనబడితే చాలు, బల్ల కిందికి దూరేవాడు. బాబాయ్ అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. "దీన్నేమంటారు గారి ఇల్లెక్కడ?" అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు.

ఈ విద్యలో ఆయనకి గురువు మా పిన్ని. ఆవిడ లైబ్రరీలో పనిచేసేది. జనం వచ్చి, "ఎర్ర అట్ట పుస్తకమండీ, చివర్లో కుక్క చచ్చిపోతుంది" అనేవాళ్లు. పేరేమిటి, రాసిందెవరు అని పిన్ని ఎదురు ప్రశ్న వేసేది కాదు. లోపలికి వెళ్లి, ఒక పుస్తకం తెచ్చి, రెండు చేతులతో బల్ల మీద పెట్టి, "ఇదేనా మీరడిగింది?" అనేది. ఆ కుక్క నిజానికి నక్క అయినా సరే, ఆ మాట పైకి అనేది కాదు.

పెళ్లికి ముందు బాబాయ్ కూడా ఆ బల్ల దగ్గరికి వెళ్లాడు. "నీలం అట్టండీ. ఒక పడవ మునుగుతుంది. మునగదేమో కూడా" అన్నాడట. పిన్ని తెచ్చిపెట్టింది.

"అలాంటి పుస్తకం అసలు లేదే! దాంతో మాట్లాడాలని నేను కల్పించి చెప్పాను. లేని పుస్తకాన్ని కూడా వెతికి తెచ్చింది, అదీ మీ పిన్నంటే!" అని చెప్పుకుని మురిసిపోయేవాడు.

పెళ్లయ్యాక పిన్ని ఆయన్ని "ఏవండీ" అని పిలిచేది. బజారులో అలా పిలిస్తే చుట్టుపక్కల మొగుళ్లందరూ తిరిగి చూసేవాళ్లు. "పోటీ ఎక్కువున్న మాట. అయినా మొదటి వరసలో నేనే ఉన్నాను" అని బాబాయ్ మీసం మెలేసేవాడు.

అలాంటి పిన్నికి మాటలు జారిపోవడం మొదలైంది. ముందు చిన్న చిన్న సామాన్ల పేర్లు పోయాయి. తర్వాత మనుషుల పేర్లు. పోయినవి తిరిగి రావనీ, ఉన్నవి కూడా ఒక్కొక్కటే పోతాయనీ డాక్టరు చెప్పేశాడు. ఎంతమంది ఏం అడిగినా తెచ్చిచ్చిన మనిషి తన వంటింట్లో నిలబడి, చెయ్యి గాల్లో పెట్టుకుని, "అది... అదే..." అంటుంటే చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని.

బాబాయ్ ఏం చేశాడయ్యా అంటే, ఇంటినిండా చీటీలు అంటించాడు. ఆఫీసులో నేను ఒక పేజీలో ఒకే మాట రెండుసార్లు ఎక్కువ రాస్తే, "ఏమిటే ఈ కుక్కుడు?" అని గసిరే మనిషి, ఇంట్లో ఫ్రిజ్ తలుపు కనబడకుండా కుక్కాడు. "ఫ్రిజ్. చలి బీరువా. పాలు పడుకునేది. తీస్తే లైటు." దువ్వెన మీద "జుట్టుకి దారి వేసేది". కళ్లజోడు పెట్టె మీద "కళ్ల కిటికీలు". వారం వారం పాత చీటీల పక్కన కొత్తవి మొలిచేవి. నాకు ఒళ్లు మండేది. ఇంట్లో మనిషి అలా అయిపోతుంటే ఈయన ఆఫీసు పిచ్చి ఇంటికి మోసుకొచ్చాడని అనుకున్నాను.

"ఇవన్నీ ఎవరు వెతుకుతారు బాబాయ్?"

"ఒక కస్టమరుందిలే. రోజూ వస్తుంది" అన్నాడు, జిగురు వేలు చొక్కాకి తుడుచుకుంటూ.

అప్పుడు దిగింది పిన్ని వాళ్లక్క, నాకు పెద్దమ్మ. ఆవిడ పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడ గొంతు వింటే, చేతిలో సూది లేకపోయినా మనం చొక్కా చెయ్యి మడుచుకుంటాం. గుమ్మంలోనే ఆగి ఇల్లంతా కలయజూసింది.

"మరిదిగారూ, ఇది ఇల్లా, నోటీసు బోర్డా?"

"మీ చెల్లెలికి వీలుగా ఉంటుందని..."

"తప్పు మాటలు రాసి గోడకి అంటిస్తే ఉన్న మాటలు కూడా పోతాయండీ. దానికి సరైన మాట అలవాటు చెయ్యాలి. కొన్నాళ్లు ఇక్కడే ఉండి నేను చూస్తాను. నెలాఖరు ఆదివారం నాతో తీసుకెళ్లిపోతాను. మీ వల్ల కాదు."

బాబాయ్ కోర్టు మెట్లెక్కినంత వాదిస్తాడనుకున్నాను. సరేనన్నాడు. "ఆవిడ ఎంతోమంది రోగుల్ని చూసిన మనిషే. నేను చూసింది ఒక్కదాన్నే" అన్నాడు నాతో. చీటీలు ఊడబెరికేటప్పుడు పక్కన నిలబడి, గోడ రంగు లేవకుండా ఎలా తియ్యాలో కూడా చూపించాడు.

పెద్దమ్మ ఒక్కో వస్తువుకి ఒక్కటే చీటీ అంటించింది. గుండ్రటి అక్షరాలు, సరైన మాట. ఆవిడది ప్రేమ కాదని ఎవరూ అనలేరు. చెల్లెలి పక్కనే కూర్చుని, తల నిమురుతూ దిద్దేది.

"అక్కా, నా కళ్ల కిటికీలు..."

"కళ్లజోడమ్మా. అను, కళ్లజోడు."

"కళ్ల..."

"జోడు."

పిన్ని మొదట రెండు మూడుసార్లు అంది. తర్వాత అడగబోయి ఆగేది. ఆ తర్వాత అడగడమే మానేసింది. కిటికీ పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. దాహమేస్తే కొళాయి వైపు చూసి ఊరుకునేది. రెండుసార్లు దొరకలేదనిపించుకున్నవాడు మూడోసారి వెతకడని నాకు వందసార్లు చెప్పిన మనిషి, అది తన ఇంట్లో జరుగుతుంటే తలుపు దగ్గర నిలబడి చూశాడు. ఆఫీసుకొచ్చి నాతో, "ఆ స్టేప్లర్ ఇలా ఇవ్వమ్మా" అన్నాడు. ఆయన స్టేప్లర్ని స్టేప్లర్ అన్న రోజు నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి పెట్టె సర్దుతున్నారు. బాబాయ్ పిన్ని బట్టలు ఒక్కొక్కటీ మడిచి ఇస్తున్నాడు. మడిచినదాన్నే విప్పి మళ్లీ మడుస్తున్నాడు. పెద్దమ్మ కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. పెట్టె మూత ఎంత నొక్కినా పడటం లేదు. ఆ విసుగులో అటూ ఇటూ వెతకడం మొదలుపెట్టింది.

"ఇక్కడే పెట్టానే... ఏదీ అది... ఛ, నోటిదాకా వచ్చి రావట్లేదు... అదే, పెట్టె నోటికి వేసేది... నొక్కితే టక్కుమంటుందే!"

ఏమిటో నాకూ తట్టలేదు. కిటికీ దగ్గర కుర్చీ కదిలిన చప్పుడైంది. పిన్ని లేచింది. వంటింట్లోకి తిన్నగా వెళ్లి, పైఅరలో డబ్బాల వెనక చెయ్యి పెట్టి, ఇంటి పాత తాళంకప్ప తీసుకుని వచ్చింది. వాళ్లక్క ముందు రెండు చేతులతో దాన్ని పట్టుకుని, తల కొంచెం వంచి నిలబడింది.

"ఇదేనా మీరడిగింది?"

ఎన్నో రోజుల తర్వాత విన్నాం ఆ గొంతు. పెద్దమ్మ తాళంకప్ప అందుకోలేదు.

"నన్ను మీరు అంటోంది" అంది మెల్లగా. "నేనెవరో తెలీదు మరిదిగారూ దీనికి."

బాబాయ్ మడుస్తున్న చీర పక్కన పెట్టాడు. "తెలుసని అబద్ధం చెప్పను వదినా. కానీ అడిగింది తెచ్చిచ్చింది. మీ మాట తప్పని అనలేదు చూశారా? తనకి ఆ అలవాటు లేదు. నేను అంటించిన చీటీల మీద ఉన్నవి నా మాటలు కావు. చాలావరకు తన మాటలే. అడిగిన ప్రతిసారీ విని రాసుకున్నాను."

"మరి బస్సులో అందర్నీ అడుగుతావే?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"మొదట్లో కస్టమర్ల కోసమేనే. ఈమధ్య దీని కోసం. రేపు ఏ మాట అంటుందో తెలీదు కదా. పదిమంది అనేవి ముందే రాసి ఉంచితే, అడిగినప్పుడు లేదనిపించుకోదు."

పెద్దమ్మ పెట్టె మీద కూలబడి ఏడ్చింది. అంతసేపూ మొండికేసిన మూత ఆవిడ బరువుకి దానంతటదే పడింది. ఆ చప్పుడుకి పిన్ని నవ్వింది. దాంతో మేమూ నవ్వాం. కాసేపటికి పెద్దమ్మ ముక్కు తుడుచుకుని నర్సు గొంతుతో అడిగింది.

"ఆ పాత చీటీలు పారేశారా?"

బాబాయ్ దొంగలా సొరుగు లాగాడు. ఒక్కటీ పోలేదు. ముగ్గురం కూర్చుని మళ్లీ అంటించాం. ఫ్రిజ్ మీద చోటు చాలక పెద్దమ్మ తన చీటీ తనే పీకేసింది. పెట్టెలోంచి చెల్లెలి బట్టలు తీసి బీరువాలో పెట్టి, ఒక్కతే బస్సెక్కింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. "కొత్త మాటలేమైనా వచ్చాయా?" అని అడిగి నవ్వుతుంది. ఒక్కోసారి నవ్వు మధ్యలో ఫోన్ పెట్టేస్తుంది.

జబ్బు మాత్రం ఆగలేదు. ఒకరోజు "ఏవండీ" కూడా పోయింది. పిన్ని బాబాయ్ వైపు చూసి, పెదాలు కదిపి, ఏమని పిలవాలో తెలియక ఊరుకుంది. మర్నాడు బాబాయ్ చొక్కా జేబుకి చీటీ అంటించుకుని ఆఫీసుకి వచ్చాడు. "ఏవండీ. మీరు. ఇంటాయన. పొడుగాయన." ఇంట్లో తగిలించుకున్నది తియ్యడం మర్చిపోయాడేమో అనుకున్నాను. మర్చిపోలేదు. "దారిలో కనిపించి వెతుక్కుంటే?" అన్నాడు. పిన్ని ఒంటరిగా బయటికి రావడం మానేసి చాలా కాలమైంది.

మొన్న సెలవు రోజు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. పిన్ని గదులన్నీ తిరిగి వచ్చి నన్ను పట్టుకుంది.

"ఏమ్మా, చూశావా ఆయన్ని? ఆ... అన్నిటికీ కాగితాలు అంటిస్తాడే... నవ్వొచ్చే మనిషి... ఏడీ?"

బాత్రూం తలుపు దభాలున తెరుచుకుంది. సగం గడ్డం గీసుకుని, సగం సబ్బు నురగతో బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు.

"ఇక్కడే ఉన్నా! ఇదేనా మీరడిగింది?"

పిన్ని ఆయన్ని తేరిపార చూసింది. చెంప మీద నురగ వేలితో తీసింది. "ఇదే" అంది.

బాబాయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ వాటిని చూసుకునే తీరిక ఆయనకెక్కడిది? కలం కోసం వెతుకుతున్నాడు. "విన్నావుటే? ఏవండీ అంటే ఊళ్లో మొగుళ్లంతా పలుకుతారు. ఈ మాటకి లోకం మొత్తంలో నేనొక్కణ్ణే. పోటీయే లేదు!"

మర్నాడు మెట్లెక్కుతుంటే టైర్ల దుకాణం ఆయన బాబాయ్ జేబు మీద కొత్త చీటీ చదివాడు. "నవ్వొచ్చే మనిషి." చదివి, ఆపుకోలేక, టైరు మీద చరిచి మరీ నవ్వాడు. బాబాయ్ నొచ్చుకుంటాడేమోనని నేను కంగారుపడ్డాను.

"చూశావా, పనిచేస్తోంది" అన్నాడాయన, చీటీ ఊడకుండా అదుముకుంటూ. పైకెక్కి కూర్చుని, "ఆ కాగితాల్ని కరిచేది ఇలా అందుకో" అన్నాడు.