కాంప్లెక్స్ దాకా నడిచి రండి

నర్సీపట్నంలో సూరన్నగారి దగ్గర చెప్పులు కొనాలంటే, ముందు వాటితో ఆర్టీసీ కాంప్లెక్స్, అంటే బస్టాండు దాకా నడిచి రావాలి. కాలికి సరిపోయాయంటే చస్తే నమ్మేవారు కాదాయన.

"సరిపోయాయండీ, డబ్బులు తీసుకోండి."

"నిలబడితే అన్నీ సరిపోతాయి. నడిసి రండి బాబూ."

పెళ్లికొడుకు పట్టుబట్టల్లో నడిచాడు. ఎస్సైగారు మండుటెండలో నడిచారు. ఒకాయన మోకాళ్ల నొప్పులని మొత్తుకుంటే, తోడుగా సూరన్నగారే నడిచారు. గల్లాపెట్టె దగ్గర భార్య సత్యలక్ష్మి పళ్లు నూరుకుంటూ కూర్చునేది. నడవడానికి వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చేవారే కాదు మరి!

"ఏటండీ, ఆ ముసల్ది కొత్త సెప్పుల్తో సింతపల్లి బస్సెక్కీసింది!"

"సరిపోయుంటాయిలే."

ఎదురుగా ఏసీ షోరూమ్ తెరిచారు. జత కొంటే జత ఉచితం. సత్యలక్ష్మి తమ్ముడు జగదీశ్వరరావు లబోదిబోమన్నాడు. "ఈ నడక రూలు తీసీండి బావా. పోటీలో ఎలా నిలబడతాం?"

"అది తీసీసేక మనకీ ఆళ్లకీ తేడా ఏటుందిరా?"

మొన్న మాఘంలో సూరన్నగారు గుండెపోటుతో పోయారు. పెద్దకర్మ అయ్యాక దుకాణం తెరిస్తే, ఆయన అరిగిన చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఊరందరినీ నడిచి రమ్మని పంపిన మనిషి తనే తిరిగి రాకుండా వెళ్లిపోయాడని సత్యలక్ష్మి కుమిలి కుమిలి ఏడ్చింది. నెల్లాళ్లు బోణీ కూడా సరిగ్గా లేదు. చివరికి దుకాణం షోరూమ్ వాళ్లకి ఇచ్చేయడానికి ఒప్పుకుంది. జగదీశ్వరరావు కాగితాలు పట్టుకొచ్చాడు.

ఆమె సంతకం పెట్టబోతుంటే గుమ్మంలో ఒక ముసలమ్మ నిలబడింది. వెనక ఎనిమిదిమంది ఆడవాళ్లు.

"నాను కొండలమ్మనమ్మా, సింతపల్లి కొండమీంచి. బాబు లేడేటి? సెప్పులు సరిపోయాయని సెప్పడానికొచ్చాను."

"ఏ సెప్పులు?"

"నాలుగేళ్లయింది. ఉత్త కాళ్లతో నిలబడి సూత్తంటే పిలిసి తొడిగాడు. డబ్బుల్లేవు, ఊరికే ఇత్తే తీసుకోనన్నాను. 'ఇత్తన్నానేటి? కాంప్లెక్స్ దాకా నడిసి సూడమన్నాను. రెండింటికి నీ బస్సు, బేగెల్లు' అన్నాడు."

సత్యలక్ష్మికి ఒక్కొక్కరే గుర్తొచ్చారు. తిరిగి రానివాళ్లందరూ ఉత్త కాళ్లతో వచ్చినవాళ్లే. అందరూ కొండమీదికి పోయేవాళ్లే. గోడమీద ఫొటో వైపు తిరిగి పోట్లాటకు దిగింది.

"నాకొక్క ముక్క సెప్తే ఏటైపోయీదండీ? ఇన్నేళ్లూ తిట్టించుకున్నారు కదా!" ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఈళ్లకీ కావాలమ్మా. ఈసారి కొనుక్కుంటాం." కొండలమ్మ కొంగుముడి విప్పబోయింది.

సత్యలక్ష్మి కాగితాలు పక్కకి తోసేసి, కొండలమ్మకీ కలిపి తొమ్మిది జతలు దించింది.

"డబ్బులు తరవాత. ముందు నడిసి రండి."

తొమ్మిదిమందీ టపటపమంటూ కాంప్లెక్స్ వైపు సాగిపోయారు. జగదీశ్వరరావు గుమ్మంలోకి పరుగెత్తి చూశాడు.

"తిరిగొత్తారంటావా అక్కా?"

"రాపోతే సరిపోయినట్టేరా."