గడప లేని కాపురం

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఆషాఢంలో మేమిద్దరం కారులో కాపురం చేశాం. ఈ మాట చెప్పగానే కొందరు "అయ్యో, ఇల్లు దొరకలేదా?" అంటారు. ఇంకొందరు "వీడియోలు తీస్తారా?" అంటారు. రెండూ కాదు. మణికొండలో మాకు నిక్షేపంలాంటి ఫ్లాటు ఉంది. కిరాయి కూడా మేమే కడుతున్నాం. అందులో అడుగుపెట్టడానికే నాకు వీల్లేదు.

దీనికంతటికీ మూలం మా అత్తగారి మోకాలు. పెళ్ళి హడావిడి సర్దుకోకముందే అది మొరాయించింది. మామగారు ఆమెను గోదావరి జిల్లా నుంచి తీసుకొచ్చి, ఇక్కడ ఆపరేషన్ చేయించి, కోలుకునేదాకా మా ఫ్లాటులో దిగారు. అంతా బాగానే ఉంది. ఇంతలో ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో కొత్త కోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదు. ఆ నియమం వాళ్ళ గోదావరిలో ఉంది, మా బాలానగర్‌లోనూ ఉంది. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలనే దగ్గర కూడా కుదరని రెండు కుటుంబాలు ఈ ఒక్క విషయంలో మాత్రం చేతులు కలిపాయి.

"అత్త ఏడుంటే గదే అత్తిల్లు" అని మా అమ్మ ఫోన్లో తేల్చేసింది. కిరాయి మాదైనా, గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది ఆవిడ. కాబట్టి గడప ఆవిడదే. నేను పుట్టింటికి పోవాలి. పుట్టిల్లంటే మా నాయన లేతు మిషన్ షెడ్డు మీద రెండు గదులు. పోవడానికి నాకు బాధేం లేదు. కానీ కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదని ఇంకో నియమం ఉంది. అంటే నెల రోజులు అతనొకచోట, నేనొకచోట.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆఫీసులో ఎదురెదురుగా కూర్చుని, రెండు ఇళ్ళనూ బతిమాలి, అలిగి, ఏడ్చి చేసుకున్న పెళ్ళి. ఇంత చేసి మళ్ళీ విడివిడిగా ఉండాలా? నా బట్టల సంచీ పట్టుకుని సెల్లార్లోకి దిగిన మామగారిని అక్కడే నిలదీశాను.

"మామయ్యా, కారుకు గడప ఉంటదా?"

ఆయన ఇరిగేషన్ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఏ ప్రశ్నకైనా కళ్ళజోడు సర్దుకోకుండా జవాబు చెప్పరు. మా పాత కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తెరిచి కింద కూడా చూశారు.

"ఉండదమ్మా. ద్వారబంధమే లేనిదానికి గడపెక్కడిది? నియమాల్లో కారు ప్రస్తావన ఎక్కడా లేదు. లేనిదాన్ని తప్పని రాయలేం."

అంతే, ఉత్తర్వులు వచ్చేశాయి. వెనక సీటు మడిస్తే పరుపు పరుచుకునేంత చోటు. మా అమ్మ పాత చీరలు రెండు అద్దాలకు తెరలు. పైన ఫ్లాటులో ఉన్న అత్తగారికి మా ఆయన ఫోన్ చేసి విషయం చెప్పాడు. ఆవిడ రెండే మాటలన్నారు. "మీ ఇష్టం."

నేను సంబరపడిపోయాను. మా ఆయన ముఖం మాత్రం వాడిపోయింది. "మా ఇంట్లో 'మీ ఇష్టం' అంటే ఒప్పుకున్నట్టు కాదు" అన్నాడు. "మరేంది?" అంటే చెప్పడు. మా అమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఇంకో రకంగా అందుకుంది. "గదేందే! కొత్త పిలగాన్ని తీస్కవోయి బండ్ల పండవెడ్తవా? వాళ్ళమ్మ ఏమనుకుంటది?"

వాళ్ళమ్మ ఏమనుకుంటుందన్నదే నా భయం కూడా. పైకి ఎంత ఎగిరినా, ఆవిడకు నేను నచ్చాలని లోపల చాలా ఉండేది. పెళ్ళిలో నేను ఏదో గలగలా చెప్తుంటే, "నీ మాట నాకు సగం అర్థం కాదమ్మాయ్" అన్నారు. అప్పటినుంచి అవుననీ కాదనీ తప్ప ఆవిడ నాతో మాట్లాడింది లేదు. ఇప్పుడు ఆపరేషనై మంచంలో ఉన్న తల్లి దగ్గర్నుంచి కొడుకును కారులోకి దించాను. ఇంక నచ్చినట్టే!

కాపురం మొదలైంది. కొడుకు గనక అతను అమ్మ గడపను రోజుకు పదిసార్లు దాటొచ్చు. పొద్దున్నే పైకి వెళ్ళి, వేడినీళ్ళ స్నానం చేసి, పౌడరు రాసుకుని దిగేవాడు. నేను ఆఫీసు జిమ్ము పక్కనున్న బాత్రూమ్‌లో కానిచ్చేదాన్ని. ఏనాడూ పరుగెత్తని దాన్ని రోజూ తెల్లారకుండానే జిమ్ముకు వస్తున్నానని మా మేనేజరు తెగ మెచ్చుకుంది. నలుగురిలో నన్ను ఆదర్శంగా కూడా చూపించింది.

రెండు రోజులు సెల్లార్లోనే పడుకున్నాం. మూడోరోజు అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి వచ్చి, "సెల్లారు కార్లు పెట్టుకోడానికండీ, కాపురాలు పెట్టుకోడానికి కాదు" అన్నాడు. దాంతో రోడ్డున పడ్డాం. ఒక రాత్రి మా ఆఫీసు పార్కింగ్, ఒక రాత్రి తెలిసినవాళ్ళ గేటెడ్ కమ్యూనిటీ. ఎక్కడ ఆపినా విజిల్ వేసుకుంటూ ఒక సెక్యూరిటీ ఆయన ప్రత్యక్షం. "మేడం, జర గా పక్కకు పెట్టుండ్రి, సార్లొస్తరు." ఆ సార్లను మాత్రం మేం ఏనాడూ చూడలేదు.

సాయంత్రం అయ్యేసరికి మాత్రం ఎక్కడున్నా మణికొండ చేరాల్సిందే. మామగారు లిఫ్టులో క్యారేజీతో దిగేవారు. అత్తగారు నడకకర్ర పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి వండిన వంట. నేను ఆ గిన్నెలను జాతకం చదివినట్టు చదివేదాన్ని. వంకాయ కూరంటే కోపం తగ్గిందా? చారు పల్చగా ఉంటే పెరిగిందా? "అది చారు. అంతే" అనేవాడు మా ఆయన. మగవాళ్ళకు చారు చదవడం రాదు.

ఒకరోజు మామగారు పక్కనుండగానే నోరు జారాను. "కూరల బెల్లం ఎందుకేస్తరు మామయ్యా? కూరనా, పాయసమా?" ఆయన నవ్వి ఊరుకున్నారు. మరుసటి రోజు కూరలో బెల్లం లేదు. కారం ఉంది. ఎంత కారమంటే, కారం తిని పెరిగిన నాకు కూడా కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. అది ప్రేమో, పగో ఎంత ఆలోచించినా తేలలేదు. గిన్నె మాత్రం ఊడ్చి తిన్నాను.

ఇక్కడే అసలు చిక్కు. ఒకరింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదు. మా అమ్మ పక్కింటి వాళ్ళ గిన్నెలో కనీసం చిటికెడు చక్కెరైనా వేసి పంపేది. మరి రోజూ వచ్చే క్యారేజీలో రోజూ ఏం పెట్టి పంపాలి? పెళ్ళీ, ఆపరేషనూ ఒకదాని వెనక ఒకటి వచ్చి మా జేబులు దులిపేశాయి. స్వీటు షాపుల వైపు చూసే ధైర్యం లేదు. తక్కువలో, కొత్తగా, అత్తగారు ముఖం తిప్పుకోనిది ఏదో ఒకటి వెతకాలి. అలా మొదలైంది మా ఊరు చూడటం.

హైదరాబాద్ పెద్ద ఊరే. కానీ ఈ అద్దాల మేడల మధ్య ఒక చిన్న ఊరు దాక్కుని ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ఇదే ఊళ్ళో పుట్టినదాన్ని, ఇన్నేళ్ళు మెట్రో దిగి ఆఫీసుకు, ఆఫీసు నుంచి మెట్రోకు తప్ప తల తిప్పింది లేదు. ఖాజాగూడ గుట్టల కింద ఒక నేరేడు చెట్టు కనపడింది. కింద నేలంతా ఊదారంగు. మా ఆయన టక్ చేసిన చొక్కాతో చెట్టు ఊపుతుంటే, వాకింగ్‌కు వచ్చిన పెద్దమనుషులు ఆగి, కాసేపు చూసి, వాళ్ళూ ఏరుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజు క్యారేజీ నిండా నేరేడు పళ్ళు. ఇంకోరోజు దుర్గం చెరువు దగ్గర వానలో కాల్చిన మొక్కజొన్న పొత్తులు. కొత్తగూడలో ఇరానీ హోటలు ఉస్మానియా బిస్కెట్లు. ఆదివారం తెల్లారగానే కంపెనీల రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతుంటే బౌండరీ దగ్గర బండి ఆపుకుని చూశాం. బంతి అందుకుని విసిరినందుకు మా ఆయనకు రెండు జామకాయలిచ్చారు. అవీ క్యారేజీలోకే వెళ్ళాయి.

"అమ్మ ఏమంది?" అని రోజూ అడిగేదాన్ని. "తింది" అనేవాడు. అంతకుమించి ఒక్క మాట రాలేదు.

ఒకరోజు వాన దంచికొట్టింది. ఎక్కడికీ కదల్లేక, ఆఫీసు వెనక బండి మీద వేడివేడి ఉల్లిపాయ పకోడీ కట్టించుకుని, గిన్నె నిండా సర్ది మామగారి చేతికిచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోతూ వచ్చి కారులో కూర్చున్నానో లేదో, మా అమ్మ ఫోన్.

"పేలాల పిండి తిన్నవా బిడ్డా?"

పేలాల పిండి తినేది తొలి ఏకాదశి నాడు. అత్తగారు ఉపవాసముండే రోజు. ఉల్లిపాయ వాసన కూడా ఇంట్లోకి రానివ్వని రోజు. కారులో అన్నీ సర్దుకున్నాంగానీ క్యాలెండరు తగిలించుకోలేదు!

మరుసటి సాయంత్రం క్యారేజీ వచ్చింది. మూడు గిన్నెల్లో రెండు ఖాళీ. మూడోదాంట్లో పెరుగన్నం. ఆవకాయ బద్ద కూడా లేదు. ఆ తర్వాతి రోజూ పెరుగన్నమే. మామగారినడిగితే, "మీ అత్తయ్యకి మోకాలు కాస్త ఎక్కువైందమ్మా" అన్నారు. నేను నమ్మలేదు. మా ఆయన నన్ను నవ్వించాలని చూశాడు. వెనక్కి తిరిగి పడుకుని ఏడ్చాను. ఆవిడ నాలుగు మాటలు తిట్టినా బాగుండేది. "మీ ఇష్టం" అన్న మనిషిని ఎట్లా బతిమాలాలో మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

శనివారం పొద్దున నానక్‌రామ్‌గూడలో తిరుగుతున్నాం. రోడ్డు మీదినుంచి చూస్తే అంతా మేడలే. షేర్ ఆటోల వెనక సందులోకి తిరిగితే పాత ఊరు. బోనాలకు ఇళ్ళు కడిగి, గోడలకు సున్నం వేస్తున్నారు. ఒక ప్రహరీ మీదుగా గోరింట పొద సందులోకి వాలి ఉంది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మను అడిగాను. "మైదాకా? తెంపుకో బిడ్డా, ఎంతనన్న తెంపుకో. ఆషాఢంల పెట్టుకోకపోతే ఎట్ల?" అంది. ఆకు తెంపి గిన్నెల్లో కూరి, మూత పడకపోతే అదిమి మరీ పెట్టాను. మంచంలో ఉన్న ఆవిడకు ఈ నెల గోరింటాకు ఎవరు తెచ్చిపెట్టారు గనక? రుబ్బుకుని పెట్టుకుంటే పెట్టుకుంటారు, లేకపోతే లేదు. క్యారేజీ మధ్యాహ్నమే మా ఆయనతో పైకి పంపేశాను.

సాయంత్రం సెల్లార్లో కారు ఆపుకుని ఎదురుచూస్తున్నాం. లిఫ్టు తలుపు తెరుచుకుంది. మొదట నడకకర్ర వచ్చింది. దాని వెనక అత్తగారు. ఆపరేషనయ్యాక ఆవిడ ఆ ఫ్లాటు దాటడం అదే మొదటిసారి. వెనక మామగారు ఒక చేత్తో క్యారేజీ, ఇంకో చేత్తో గిన్నె పట్టుకుని, ఫైలు మోస్తున్నంత జాగ్రత్తగా నడుస్తున్నారు.

నేను కారు దిగబోయాను. "దిగకు, దిగకు" అన్నారు ఆవిడ. తనే కారెక్కి నా పరుపు మీద కూర్చుని, మోకాలు మెల్లగా చాపుకున్నారు. తెరలుగా కట్టిన చీరలను చూశారు. వాటి కొంగు అంచు వేళ్ళతో తడిమి చూశారు.

"చెయ్యి ఇలా పెట్టు."

గిన్నెలో మెత్తగా రుబ్బిన గోరింటాకు. అరచేతి మధ్యలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకు టోపీలు. ఒక చెయ్యి పూర్తయింది. నాకు ఇంక ఆగలేదు.

"అత్తమ్మా, ఏకాదశి అని నిజంగ యాదికి లేకుండె. పకోడీ..."

"ద్వాదశి పొద్దున్నే రెండు తిన్నాను" అన్నారు తలెత్తకుండా. "మెత్తబడిపోయాయి. మిగతావి మీ మామయ్య ఏకాదశి నాడే ఖాళీ చేశారు. ఆయన్నడుగు."

మామగారు సెల్లారు పైకప్పు వైపు చూశారు.

"మరి పెరుగన్నం..."

"నిలబడలేకపోయానమ్మాయ్. నిజంగానే మోకాలు." రెండో చెయ్యి లాక్కున్నారు. "నువ్వు పంపినవి తింటూ మంచంలో పడున్నా. ఇవాళ ఏం వస్తుందోనని సాయంత్రం అయ్యేసరికి లిఫ్టు చప్పుడే వినేదాన్ని."

రెండు చేతులూ పచ్చగా గాల్లో ఉన్నాయి, కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు. ఆవిడే కొంగుతో తుడిచారు. తుడిచి, క్యారేజీ విప్పి, వంకాయ కూర కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టారు. కూరలో కొంచెం బెల్లం, కొంచెం కారం.

"ఎర్రగ పండితే మొగుడు మంచోడంటరు కద అత్తమ్మా" అన్నాను ముద్ద నములుతూ.

"వాడి సంగతి పెంచినదాన్ని నాకు తెలీదా? ఇది నేను పెట్టింది. పండితే అత్త మంచిదని." ఇంకో ముద్ద పెట్టి, కొడుకు భుజం మీద తట్టారు. "బండి తియ్యరా. నువ్వు చెప్పిన ఆ నేరేడు చెట్టేదో చూపించు."

మామగారు ముందు సీటులో ఎక్కారు. కారు మణికొండ దాటి ఖాజాగూడ వైపు మళ్ళింది. అత్తగారు ఒక చేత్తో తెర పక్కకు జరిపి అద్దంలోంచి చూస్తూ, ఇంకో చేత్తో నాకు తినిపిస్తున్నారు. చెట్టు చూశారు. చెరువు చూశారు. పొత్తులు కాల్చే ఆమెను దూరం నుంచే చూసి, "నువ్వు పంపినవి ఈవిడ దగ్గరవేగా" అన్నారు. తిరిగి సెల్లార్లోకి వచ్చాక నడకకర్ర అందుకుని, దిగకుండా ఒక్క క్షణం ఆగారు.

"ఆషాఢం ఇంకా ఉందిగా" అన్నారు నావైపు తిరిగి. "రేపు ఎటు తీసుకెళ్తావ్?"