యలహంక నుంచి అత్తిబెలెకి, ఒక బొటనవేలి కోసం

జనం హంపికి వెళతారు, తిరుపతికి వెళతారు. ఓపిక ఉన్నవాళ్లు తెల్లారకముందే బైకు మీద నంది కొండెక్కి మంచును ఫొటో తీసుకుని వస్తారు. నేను మొన్న శుక్రవారం బెంగళూరుకి ఈ కొసన ఉన్న యలహంక నుంచి ఆ కొసన ఉన్న అత్తిబెలెకి వెళ్లాను. ఏదో చూడ్డానికి కాదు, నిద్రపోతున్న ఒక బ్యాంకు ఖాతాను లేపడానికి. బ్యాంకంతా ఫోన్లోకి వచ్చేసిన ఈ రోజుల్లో కూడా ఖాతా కోసం బస్సెక్కాల్సిన అభాగ్యులు ఉన్నారు కాబట్టి, వారి సౌకర్యార్థం దారి, ఖర్చు, వేళలతో సహా ఈ యాత్రా వివరం సమర్పిస్తున్నాను.

అసలు నేరం నాది. మా వఠారంలో పక్క గదిలో నరసమ్మక్క ఉంటుంది. కదిరి వైపు మనిషి. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో కట్టడాల పని చేస్తోంది. ఇప్పుడు మోకాళ్లు మెట్లెక్కం అని మొండికేస్తున్నాయి. మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి నడిపే మునిరత్నం సొంతూరికి వెళ్లిపోతూ బండి, బొగ్గుల ఇస్త్రీ పెట్టె, వాడుక ఇళ్లు అన్నీ కలిపి పద్దెనిమిది వేలకి అక్కకు ఇస్తానన్నాడు. గడువు శుక్రవారం సాయంత్రం ఆరు. ఆరు దాటితే జక్కూరు నుంచి వచ్చే ఇంకొకాయనకి ఇచ్చేస్తాడు. బండి దక్కితే అక్క నేల మీదే నిలబడి బతకొచ్చు. దక్కకపోతే సోమవారం మళ్లీ తొమ్మిదో అంతస్తుకి ఇటుకలు మోయాలి.

అక్క దగ్గర డబ్బుంది. అత్తిబెలెలో ఫ్యాక్టరీ షెడ్లు కట్టిన రోజుల్లో అక్కడి బ్యాంకులో వేసుకున్న ఇరవై రెండు వేలు, పెద్ద పనికి ఉంటుందని ముట్టుకోకుండా దాచింది. గురువారం సాయంత్రం నేను, "అంత దూరం ఎందుకక్కా, ఫోన్లో రెండు నిమిషాల పని" అని పెద్దమనిషిలా సెలవిచ్చాను. యాప్ దించాను. అది ఓటీపీ పంపానంది. ఎక్కడికి పంపిందయ్యా అంటే, అక్క ఎప్పుడో పోగొట్టుకున్న పాత సిమ్ముకి. గంటన్నర కుస్తీ తర్వాత, కేవైసీ లేనందున ఖాతా నిలిపివేయబడినది, మీ బ్రాంచిని సంప్రదించండి అని తేల్చి చెప్పింది.

"కేవైసీ అంటే ఏందప్పా?" అంది అక్క.

"నువ్వు నువ్వేనని బ్యాంకుకి రుజువు చెయ్యడం."

"నేను నేను కాకపోతే ఇంకెవురు?"

ఈ ప్రశ్నకు జవాబు నా బీకాం సిలబస్‌లో లేదు. నువ్వే పద్దెనిమిది వేలు సర్దొచ్చుగా అనబోయే పాఠకులకు మనవి: నెలాఖరు, నా ఖాతాలో నాలుగు వందల పదకొండు రూపాయలు. కానీ నా ఖాతా మాత్రం పూర్తి మెలకువలో ఉంది.

ఉదయం ఏడున్నరకి యలహంక పాత ఊళ్లో మెజెస్టిక్ బస్టాండుకి వెళ్లే బస్సెక్కాం. ఆడవాళ్లకి టికెట్ లేదుగా అని అక్క ధీమాగా కూర్చుంది. కండక్టరు "ఆధార్ తోర్సమ్మా" అన్నాడు. చూపించింది. చిరునామా అనంతపురం జిల్లాది, అంటే ఉచితం వర్తించదు. ఇరవై ఏళ్లు ఈ ఊరి గోడలు కట్టినా కార్డు మీద ఇంకా పరాయి రాష్ట్రమే. సరేనని నేను బస్సులో అంటించిన క్యూఆర్‌కి ఫోను చూపించాను. తెర మీద సున్నా తిరుగుతూ ఉంది. హెబ్బాళ వంతెన మీద బస్సు ఆగిపోయింది, సున్నా మాత్రం ఆగలేదు.

"చిల్లరె కొడి సార్, అది తిరగ్తానే ఇరత్తె," అన్నాడు కండక్టరు. చిల్లరే ఇవ్వాలట, అది తిరుగుతూనే ఉంటుందట.

అక్క కొంగు ముడి విప్పి ఇద్దరికీ టికెట్ డబ్బులిచ్చింది. తలా ముప్పై చిల్లర రూపాయలు. "రెండు నిమిషాల పని అన్న్యావే" అని కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వింది. నేను ఫోను జేబులో దాచుకున్నాను.

మెజెస్టిక్ చేరేసరికి తొమ్మిది. అక్కడి నుంచి అత్తిబెలె బస్సుకి ఇంకో ముప్పై చిల్లర. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్కులో అరగంట ధ్యానం తప్పదు, లెక్కలో వేసుకోండి. ఎలక్ట్రానిక్ సిటీ, చందాపుర దాటాక లారీలు ఎక్కువవుతాయి. అక్క ఒకచోట వేలు చూపించి, "ఆ నీలం షెడ్డు ఉండాది చూడు, దాని పునాది నేనూ ఎత్తినా" అంది. బ్యాంకు ముందు దిగేసరికి పదకొండుం పావు.

కౌంటరులో ఉన్న అమ్మాయి మంచిది. తెలుగు కూడా వచ్చు. "ఏం లేదమ్మా, బొటనవేలు పెట్టండి, ఆధార్‌తో అయిపోతుంది" అంది. అక్క వేలు పెట్టింది. మిషన్ ఎర్రగా వెలిగింది, సరిపోలలేదట. తుడుచుకుని పెట్టింది. ఎరుపు. ఎడమ బొటనవేలు, ఎరుపు. చూపుడువేలు, ఎరుపు. ఆ అమ్మాయి అక్క చేయి పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసింది. వేళ్లు నున్నగా, పలక మీద చెరిపేసిన అక్షరాల్లా ఉన్నాయి.

"గీతలు లేవమ్మా. సిమెంటు పనా?"

"అవునమ్మా. సున్నం, సిమెంటు. తినేసినాయి."

"కాగితం మీద రాసివ్వండి. పైకి పంపిస్తాం, రెండు రోజులు పడుతుంది."

రెండు రోజులు. మా దగ్గరున్నది ఆరు గంటలు, అందులో మూడున్నర తిరుగు ప్రయాణానికే. నేను బల్ల మీద వాలి, ఎదురుగా ఉన్న మనిషి కళ్లకు కనిపిస్తున్నా మిషన్‌కి కనిపించకపోతే లేనట్టేనా అని గంభీరంగా ప్రసంగించాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, "సర్వర్ అలాగే అంటుంది సార్" అంది. సర్వర్‌తో వాదించిన వాడు చరిత్రలో లేడు.

పక్కనే చిన్న హోటల్లో కూర్చున్నాం. ఇడ్లీ, టీ ఇద్దరికీ తొంభై రూపాయలు. గోడ మీద "క్యాష్ మాత్రమే" అని రాసి ఉంది, కొంగు ముడి మళ్లీ విప్పాల్సి వచ్చింది. అక్క ఇడ్లీ తినలేదు. వేళ్ల కొసలనే చూసుకుంటూ, "నా డబ్బుకి నేనే దొంగనైపోయినానప్పా" అంది నెమ్మదిగా. నాకు జోకు తట్టలేదు. ఇది అరుదు.

ప్లేట్లు తీయడానికి వచ్చిన హోటలామె ఆగింది. "ఏమి, వేలిముద్ర పడలేదా? నాదీ ఇదే కతే అక్కా. సోడా నీళ్లల్ల పాత్రలు తోమి తోమి రేషన్ అంగడి కాడ మిషను నెలనెలా నన్ను లేదనేది. చిటికినేలు పెట్టి చూడు."

"చిటికినేలా?"

"ఊ. పది వేళ్లూ ఆధార్లో ఉంటాయంట, ఏది పెట్టినా ఒకటే. మనం పనికి పెట్టని వేలు అదొక్కటే కదా. దానికేం అరుగు?"

తిరిగి బ్యాంకుకి పరిగెత్తాం. భోజన విరామం. అరగంట గోడకి ఆనుకుని నిలబడ్డాం. తలుపు తీయగానే అక్క ఎడమ చేతి చిటికెనవేలిని కొబ్బరినూనె రాసిన జుట్టుకోసారి తాకించి, దేవుడికి దీపం పెట్టినంత జాగ్రత్తగా ఆ గాజు మీద పెట్టింది.

పచ్చ దీపం.

కౌంటరమ్మాయి చప్పట్లు కొట్టింది. వెనక వరుసలో ఎవరో తాత "శభాష్" అన్నాడు. అరగంటలో ఖాతా లేచింది, కొత్త నంబరు ఎక్కింది, పద్దెనిమిది వేలు కౌంటరు మీదికి వచ్చాయి. బయటికి వస్తూ అక్క చిటికెనవేలిని ఎత్తి చూసుకుని, "ఇన్నేండ్లు కూర్చోబెట్టి మేపినందుకు పనికొచ్చింది చూడు" అంది.

తిరుగు దారి గురించి ఎక్కువ చెప్పను. సిల్క్ బోర్డు మళ్లీ తన వంతు తీసుకుంది. యలహంకలో దిగేసరికి ఆరుకి పది నిమిషాలు. వీధి మొదట్లో మునిరత్నం గడియారం చూసుకుంటున్నాడు, జక్కూరాయన బండి చక్రం తట్టి చూస్తున్నాడు. అక్క మోకాళ్లు ఆ యాభై అడుగులు ఎలా పరిగెత్తాయో వైద్యులే చెప్పాలి.

సోమవారం ఉదయం తొలి బేరం నాదే కావాలని రెండు చొక్కాలు పట్టుకెళ్లాను. బండికి అక్క పేరుతో కొత్త క్యూఆర్ నేనే దగ్గరుండి అంటించాను. ఠీవిగా ఫోను తీశాను.

"ఫోన్లో వొద్దప్పా. బోణీ. చేతికియ్యి."

జేబులో ఒక్క నోటు లేదు. పాల అంగడికి పరిగెత్తి, వాళ్లకి ఫోన్లో ఇరవై కొట్టి, ఇరవై నోటు బతిమాలి తెచ్చాను. అక్క దాన్ని కళ్లకద్దుకుని బొగ్గుల డబ్బా పక్కన పెట్టింది.

ఫోన్లో డబ్బు మంచిదే, నేనూ దాని మీదే బతుకుతున్నాను. కానీ తెరను రుద్దడం తప్ప ఏ పనీ ఎరుగని నా బొటనవేలిని ఏ మిషనైనా ఇట్టే గుర్తుపడుతుంది. తొమ్మిది అంతస్తులు లేపిన బొటనవేలిని నువ్వెవరంటుంది. ఆ రోజు చిరాకంతా ఇక్కడే మిగిలిపోయింది, ఇప్పటికీ పోలేదు. ఇక మీకు పనికొచ్చే సలహా ఒకటే: కాయకష్టం చేసే మనిషిని కేవైసీకి తీసుకెళితే, బొటనవేలు పడలేదని వెనక్కి రాకండి, మిగతా తొమ్మిదీ అడిగి మరీ పెట్టించండి. చిటికెనవేలితో మొదలుపెట్టండి.